సైటు సంగతి

బెంగుళూరులో కాపురమున్న మన తెలుగువారికి "సైటు" అన్న మాట వినబడగానే ముందుగా తోచేది ముప్పై బై నలభై జాగా. దానికి ఖాతా ఉన్నదా, అది పాత చెరువులో పడ్డదా అన్నది తరువాతి విచారణ. నలభై దాటినవారికి ఇదే మాట మరొక అర్థంలో ఎదురవుతుంది. "మీకు సైటు వచ్చినట్లున్నది, కాగితం అంత దూరం పెట్టి చదువుతున్నారేమిటి?" అని ఇంట్లోవారు అంటారు. ఈ రెండూ గాక మూడో సైటు ఒకటి ఉన్నదనీ, అది తుపాకి మీద ఉంటుందనీ, దానివల్ల ఒక సంసారంలో ఆరు వారాలపాటు నిద్రాహారాలు కరువు కాగలవనీ మొన్నమొన్నటిదాకా నాకు తెలియదు. కుటుంబ పత్రికలో తుపాకి మాట ఏమిటని చదువరులు అనుకోవచ్చు. సంగతి కుటుంబంలోదే గనుక రాస్తున్నాను.

మా అక్క కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక ఆదివారం తల్లికి ఫోను చేసి, "అమ్మా, మంచి సైటు ఒకటి కొన్నాను. ఖరీదెక్కువే, కాని అటువంటిది దొరకడం కష్టం" అన్నాడట. అక్క పొంగిపోయింది. "ఏ ముఖంరా? తూర్పా, ఉత్తరమా?" అని అడిగింది. వాడు నవ్వి, "ఎటు తిప్పితే అటే" అన్నాడు. ఆ తరువాత అసలు సంగతి బయటపడింది. అంతకు నెల ముందే వాడు ఒక తుపాకి కొన్నాడు. ఇప్పుడు కొన్నది దాని మీద బిగించే గురి.

అప్పటికి మా కోడలికి అయిదో నెల. పురుటికి అక్క ప్రయాణం కావలసి ఉన్నది. టిక్కెట్టు కూడా తీసేశారు. అక్క ఒక్కటే మాట అన్నది: "తుపాకి ఉన్న ఇంట్లో నేను పసిబిడ్డకు నీళ్ళు పొయ్యను." బావగారు ఫోనులో కేకలు వేశారు. పిల్లవాడు అక్కడి చట్టం చెప్పాడు, వీరు ఇక్కడి చట్టం చెప్పారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోవడానికి లేదు. 2019లో జరిగిన సవరణతో, లైసెన్సు ఉన్నవారికైనా సామాన్యంగా రెండుకు మించి ఉండరాదన్నారు. మన పక్కనున్న కొడవలకు తరతరాలుగా ఉన్న మినహాయింపు వేరే కథ. వాళ్ళకు అది ఇంటి దేవుడితో సమానం, కైల్‌పోదు పండుగనాడు దానికి పూజ చేస్తారు. మన ఇళ్ళల్లో ఆ వాడుక లేదు. మనకు తుపాకి అంటే బ్యాంకు గుమ్మంలో కునికిపాట్లు పడే కాపలావాడిది, లేకపోతే సినిమాలోది.

చివరకు పంచాయితీ మా పెద్దమామయ్య దగ్గరకు వెళ్ళింది. ఆయన మా అమ్మకు అన్న. 1961లో హలసూరులోని మద్రాసు శాపర్లలో చేరి, హవల్దారుగా పింఛను పుచ్చుకుని, ఆ చుట్టుపక్కలనే స్థిరపడిపోయారు. వయస్సు ఎనభై దాటింది, ఒక కంటికి శుక్లం తీశారు. పిల్లవాణ్ణి గట్టిగా మందలించమని అక్క ఆయన్ని బతిమాలుకున్నది. ఆయన ఫోను పుచ్చుకుని వేసిన మొదటి ప్రశ్న: "ఒరే, గురి ఎక్కడ పెట్టారు? గొట్టం మీదా, మడమ దగ్గరా?" అక్క నెత్తి కొట్టుకున్నది.

పిల్లవాడు ఫొటోలు పంపాడు, కంపెనీవారి పుస్తకం కూడా పంపాడు. మామయ్యకు అరవం, హిందీ బాగా వచ్చును గాని ఇంగ్లీషు చదవడం కష్టం. నేను చదివింది పదో తరగతే అయినా ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు తిరగేస్తున్నవాణ్ణి గనుక, తెలుగు చేసి వినిపించే పని నా మీద పడింది. అట్లా నాలుగైదు ఆదివారాలు సాగిన చదువే ఈ వ్యాసానికి మూలం.

ముందు ఆ తుపాకి ఏమిటో చెప్పాలి. ఒకసారికి ఒకే తూటా పట్టేది. క్రిస్టియన్ షార్ప్స్ అనే అమెరికావాడు 1848లో పేటెంటు పుచ్చుకున్న పద్ధతి. కింద ఉన్న మీట లాగితే, గొట్టం వెనుక తలుపులాగా అడ్డం నిలిచిన ఉక్కు దిమ్మ కిందికి దిగుతుంది. తూటా పెట్టి మీట పైకెత్తితే దిమ్మ మళ్ళీ లేచి మూసుకుంటుంది. తరువాత గుర్రం ఎత్తి పేల్చడం. మన దుకాణాల ఇనుప తలుపు పైనుంచి కిందికి దిగితే మూత, ఇది కింది నుంచి పైకి లేస్తే మూత, అంతే తేడా. ఆ షార్ప్స్ కంపెనీ 1881లోనే మూతబడింది. 1870లలో అమెరికా మైదానాల మీద అడవిదున్నల మందలను లక్షల లెక్కన కూల్చినవాటిలో ఈ తుపాకులది పెద్ద వాటా. అది తలచుకుంటే నాకు ఆ తుపాకి మీద గౌరవం కొంత తగ్గుతుంది. మామయ్య మాత్రం, "పాపం మనిషిదిరా, ఇనుముది కాదు" అంటారు.

మూతబడిన కంపెనీ తుపాకి మావాడికి ఎట్లా దొరికిందంటే, అది కొత్తగా చేసిన పాతది. ఇటలీలో బ్రెష్యా దగ్గర గార్డోనె అనే లోయ ఊరు ఉన్నది. అనేక తరాలుగా తుపాకులు చేయడమే అక్కడివారి వృత్తి. అక్కడ 1957లో మొదలైన పెడెర్‌సోలి కంపెనీ ఇటువంటి పాత నమూనాలకు నకళ్ళు తీస్తుంది. 1959లో మొదలైన ఊబెర్టీ కంపెనీదీ అదే వ్యాపారం. అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలో బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్ళో షైలో కంపెనీవారు షార్ప్స్ నకళ్ళే చేస్తారు. 1990లో వచ్చిన ఒక సినిమాలో కథానాయకుడు వాళ్ళ తుపాకినే పట్టుకుని తిరిగేసరికి గిరాకీ పెరిగిపోయింది. జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందగా వించెస్టరు కంపెనీ కొనుక్కుని 1885 మోడలు అని అమ్మిన ఒంటి తూటా తుపాకికి ఈనాటి నకళ్ళు జపానులో మిరోకు కంపెనీ చేతుల మీదుగా వచ్చాయి. అమెరికా పాత సరుకు, ఇటలీలో, జపానులో తయారీ, కొనేవాడు హలసూరు తెలుగు కుర్రవాడు.

ఈ నకళ్ళలో కంటికి ముందుగా కనబడేది సింగారం. ఉక్కు మీద నీలం, గోధుమ, ఊదా రంగులు మబ్బుల్లాగా కలగలిసి ఉంటాయి. ఎముకల బొగ్గులో ఉక్కును కాల్చి చప్పున నీళ్ళలో ముంచితే ఆ రంగులు వస్తాయి. వెనుకటివాళ్ళు అది అందానికి చేయలేదు, పైపొర గట్టిపడటానికి చేశారు, అందం దానంతటది వచ్చింది. ఇప్పుడు కొందరు అదే పద్ధతి పాటిస్తారు, కొందరు రసాయనాలతో రంగులు మాత్రం తెప్పిస్తారు. మడమకు అక్రోటు కర్ర, దాని నూనె మెరుపు, గొట్టానికి ఎనిమిది పలకలు. ఫొటో చూసి నేను "ఎంత అందంగా ఉన్నదో!" అన్నాను. మామయ్య, "పెళ్ళికొడుకు ముస్తాబు చాలు, కన్ను చూపించు" అన్నారు.

కన్ను అంటే గురి. అక్కడే మామయ్య పాఠం మొదలయింది.

మామూలు తుపాకికి గొట్టం కొసన ఒక చిన్న మొలక ఉంటుంది. మన ఉర్దూవాళ్ళు దాన్ని మక్ఖీ, అంటే ఈగ, అంటారు. వెనుక, గొట్టం మధ్యలో ఎక్కడో ఒక గాటు ఉంటుంది. గాటులో ఈగను నిలిపి, ఈగ మీద లక్ష్యాన్ని నిలపాలి. గాటు, ఈగ, లక్ష్యం మూడూ మూడు దూరాలలో ఉన్నాయి. కన్ను ఒకసారికి ఒక దూరాన్నే తేటగా చూడగలదు. కుర్రకన్ను గబగబా మార్చుకుంటూ సర్దుకుంటుంది. నలభై దాటిన కంటికి ఆ సర్దుబాటు తగ్గుతుంది గనుక గాటు బూజు పట్టినట్లు కనిపిస్తుంది. ఆఫీసులో నా ఎదుట లెడ్జరు తేటగా ఉంటే గోడ గడియారం అలుక్కుపోవడం, గడియారం తేటగా ఉంటే లెడ్జరు అలుక్కుపోవడం ఇదే జబ్బు.

పాత షార్ప్స్ తుపాకులలో దూరపు పందేలకు చేసినవాటికి వెనుక గురి గొట్టం మీద ఉండదు. గుర్రానికి వెనుక, మడమ మొదలయ్యే చోట, నిలువుగా లేచే ఒక పట్టీ ఉంటుంది. అక్కర లేనప్పుడు దాన్ని మడిచి పడుకోబెట్టవచ్చు. ఆ పట్టీలో పైకీ కిందికీ జరిగే ఒక బిళ్ళ, బిళ్ళకు సూది బెజ్జం. ఆ బెజ్జంలోనుంచి చూడాలి. ఈ కొసన గాటూ లేదు, సర్దుకోవలసిన పనీ లేదు. "బెజ్జాన్ని చూడకురా, బెజ్జంలోనుంచి చూడు. నడిమధ్యకు రావడం కన్నే చేసుకుంటుంది" అని మామయ్య నాకు పదిసార్లు చెప్పారు.

నాకు నమ్మకం కలగక అడిగితే, ఆయన నా విజిటింగు కార్డు ఒకటి తీసుకుని గుండుసూదితో చిల్లి పొడిచి, "కళ్ళద్దాలు తీసి పంచాంగం చదువు" అన్నారు. చదివాను. వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ కనిపించాయి. కాస్త చీకటిగా ఉన్నది గాని అక్షరం చెదరలేదు. చదువరులు కూడా చేసి చూడవచ్చు, ఖర్చు లేని పని. కారణం చిన్నదే. కంటిపాప నిండా వచ్చే వెలుగులో పక్క కిరణాలు తప్పుచోట పడటంవల్ల మసక వస్తుంది. చిల్లి వాటిని ఆపేసి నడిమి కిరణాలనే వదులుతుంది. వెలుగు తగ్గడం దానికి మనం చెల్లించే సుంకం. అందుకే వేటగాడి తుపాకికి పెద్ద బెజ్జం, పందెంవాడి తుపాకికి చిన్న బెజ్జం పెడతారట.

ముందు గురి కూడా వట్టి మొలక కాదు. ఎండ తగిలి తళతళలాడకుండా దాని చుట్టూ చిన్న గొట్టపు గొడుగు ఉంటుంది. లోపలి బిళ్ళలను కావలసినట్లు మార్చుకోవచ్చు. కొన్నింటికి మేస్త్రీల రసమట్టం వంటి నీటిబుడగ కూడా ఉంటుంది, తుపాకి ఏ పక్కకూ వాలకుండా చూసుకోవడానికి.

ఇంత సూక్ష్మం ఎందుకయ్యా అని నేను లెక్క వేశాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? రెండు గురులకూ మధ్య 30 అంగుళాల దూరం ఉన్నదనుకుందాం. వెనుక బిళ్ళ అంగుళంలో నూరోవంతు జరిగితే, వెయ్యి గజాల దూరాన, అంటే కిలోమీటరుకు కాస్త తక్కువలో, గుండు 12 అంగుళాలు, ఒక అడుగు పక్కకు పోతుంది. అదే రెండు గురులూ 15 అంగుళాల దూరంలో ఉంటే రెండడుగులు పోతుంది. వెనుక గురిని గొట్టం మీదినుంచి తీసి మడమ దగ్గరకు జరపడంలో ఉన్న కిటుకు ఇదే. పట్టీ మీద ఆ నూరోవంతులే గీతలు పెట్టి ఉంటాయి.

వెయ్యి గజాల పందెం కథ ఒకటి పిల్లవాడు చెప్పాడు. 1873లో ఇంగ్లండులో ఎల్కో షీల్డు గెలుచుకున్న ఐర్లండువారు అమెరికావారిని పందేనికి పిలిచారు. 1874 సెప్టెంబరులో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో పందెం జరిగింది. పక్షానికి ఆరుగురు, దూరాలు 800, 900, 1000 గజాలు. ఒక్కొక్క దూరంలో మనిషికి 15 గుళ్ళు, నడిబొట్టుకు 4 మార్కులు, మొత్తం 1080. ఐర్లండువారివి మూతినుంచి దట్టించే రిగ్బీ తుపాకులు, అమెరికావారివి వెనుకనుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ తుపాకులు. అమెరికాకు 934, ఐర్లండుకు 931 వచ్చాయి. ఆఖరి గుండు పేల్చిన కర్నల్ బోడైన్ చేతికి అంతకు కాసేపటి ముందే అల్లపు సోడా సీసా పగిలి గాయమయింది. రక్తం కారుతూండగానే నడిబొట్టు కొట్టాడు. అయితే మామయ్య మనస్సు దోచుకున్నవాడు బోడైన్ కాదు, ఐర్లండువారిలో మిల్నరు అనే ఆయన. ఆయన ఒక గుండు నడిబొట్టు మధ్యకు కొట్టాడు, కాని అది తన పలక కాదు, పక్కవాడిది! దానికి సున్న వేశారు. ఆ 4 మార్కులు పడి ఉంటే 935తో ఐర్లండుదే గెలుపు. మామయ్య పడిపడి నవ్వి, "గురిలో దోషం లేదు, గురిపెట్టినవాడిలోనే ఉన్నది" అన్నారు. ఆ వారమంతా ఇంటికి ఎవరు వచ్చినా ఆయన ఈ కథే చెప్పారు.

ఇక నకళ్ళ సంగతికి వస్తాను. కొత్తగా చేసే ఒంటి తూటా తుపాకులలో కొన్నింటికి పాత ఆకారం ఉంటుంది గాని పాత కన్ను ఉండదు. మావాడిది కూడా కొన్నప్పుడు గొట్టం మీద నిచ్చెన వంటి చిన్న గురితోనే వచ్చింది. మడమ దగ్గర పట్టీ బిగించడానికి మరల బెజ్జాలు మాత్రం సిద్ధంగా వదిలారు. పట్టీ వేరే ఖరీదు. తల్లితో చెప్పిన "మంచి సైటు" అదే. కొందరు ఈ పట్టీ బదులు దుర్భిణి బిగిస్తారు. అమెరికాలో రూగరు కంపెనీవారు 1967లో తెచ్చిన "నెంబరు వన్" అనే తుపాకి ఇంగ్లీషువారి పాత ఫార్కర్‌సన్ తుపాకి ధోరణిలో చేసినది. దానిలో కొన్ని రకాలకు గాటూ ఈగా అసలే లేవు, దుర్భిణి పెట్టుకొమ్మని వదిలేశారు. ముందు చెక్కకు మాత్రం ఎడింబరోలోని అలెగ్జాండర్ హెన్రీ పేరు మీద వచ్చిన పాత కోత పెట్టారు. ఆ హెన్రీయే ఇంగ్లీషు సైన్యం 1871లో పుచ్చుకున్న మార్టిని-హెన్రీ తుపాకి గొట్టంలో గాళ్ళు తీర్చినవాడు. ఆయన చెక్కకోత నిలిచి గురి పోవడం నాకు నచ్చలేదు. దుర్భిణి మంచిదే, చూపు ఆననివారికి వరమే. కాని 1870ల బొమ్మకు 1970ల కన్ను అతికించి పాతకాలం అంటే, పంచెకట్టు మీద టై కట్టినట్లే ఉంటుంది. మామయ్య నా అంత పట్టుదలగా లేరు. "గుండు తగలాలి, అంతే" అన్నారు.

ఒక ఆదివారం మాత్రం ఆయన ఎక్కువసేపు మాట్లాడలేదు. ఆనాడు నేను చదివినది 1857 తరువాతి సంగతి. ఆ ఏడే మన రాష్ట్రంలో ముధోళ దగ్గర హలగలి బేడరులు, ఉన్న ఆయుధాలు అప్పగించమన్నందుకు తిరగబడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. తుపాకులు చేతికిచ్చిన సిపాయిలకు జరిగింది మరొకటి. తిరుగుబాటుకు ముందు వచ్చిన ఎన్‌ఫీల్డు తుపాకికి గొట్టంలో గాళ్ళు ఉండేవి, నూర్ల గజాలకు సర్దుకునే నిచ్చెన గురి ఉండేది. తిరుగుబాటు తరువాత మన సిపాయిల కోసం 1858 నమూనా అని వేరే చేయించారు. గొట్టం లోపల గాళ్ళు తీసేసి నున్నగా చేశారు, నిచ్చెన గురి తీసేసి కదలని గాటు ఒకటి పెట్టారు. పైకి చూస్తే అదే తుపాకి. అదే కర్ర, అదే ఇత్తడి, అదే బాయినెట్టు. దూరం మాత్రం కొట్టలేదు. తరువాత కూడా తెల్లవాడికి మార్టిని వస్తే మనవాడికి అంతకు ముందరి స్నైడరు, ఎప్పుడూ ఒక మెట్టు కింద.

మామయ్య కొంచెంసేపు ఊరుకుని, "అయితే కన్నే తీసేశారన్నమాట" అన్నారు. తరువాత, తాను చేరినప్పుడు చేతికిచ్చినది ఈషాపూరులో చేసిన పాత మూడు నాట్ మూడు అని చెప్పారు. దానికి గొట్టం మీద గాటు గురి. తరువాత వచ్చిన సెవెన్ సిక్స్‌టూ ఎస్సెల్లారుకు వెనుక బెజ్జం గురి. మొదటిసారి ఆ బెజ్జంలోనుంచి చూసినప్పుడు, "నా కన్ను ఎవరో కడిగిపెట్టినట్లనిపించింది" అన్నారు. పిల్లవాడు ఫోను పెట్టగానే ఈయన గురి ఎక్కడని ఎందుకు అడిగారో నాకు ఆనాడు బోధపడింది. తుపాకి ఎవరి చేతికి ఇస్తున్నారో, వాడిమీద ఎంత నమ్మకమో చెప్పేది గురే అని ఆయన లెక్క. కర్ర మెరుపు ఎవడైనా ఇస్తాడు.

ఇంత శాస్త్రం జరుగుతూండగా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటూనే ఉన్నది. చివరకు వచ్చి, "మామయ్యా, మీ కథలన్నీ విన్నాను. ఐర్లండువాడు పక్కవాడి పలకను కొట్టాడంటే నవ్వు వచ్చింది. రేపు నా మనవడు పాకుతూ వెళ్ళి దానిమీద చెయ్యి వేస్తే ఎవరు నవ్వుతారు?" అన్నది. ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. పిల్లవాడు బీరువాకు తాళం వేస్తానన్నాడు. తాళం సంగతి అక్కకు తెలుసు. వాడి చిన్నప్పుడు తాళం వేసిన బిస్కట్ల డబ్బా ఒక్క వారం నిలిచిన పాపాన పోలేదు.

అప్పుడు మామయ్య ఫోను తీసుకున్నారు. ఈసారి గొంతు వేరు, అది హవల్దారు గొంతు. "ఒరే, మీట పక్కన ఒక మేకు ఉన్నది చూడు. దాన్ని తిప్పి లాగు." పిల్లవాడు తిప్పి లాగాడు. మీటా, దానితోపాటు ఆ ఉక్కు దిమ్మా కిందికి ఊడి చేతిలోకి వచ్చాయి. దిమ్మ అరచేతిలో ఇమిడింది. "ఇక అది తుపాకి కాదు, అప్పడాల కర్ర. దిమ్మ నీ ఇంట్లో ఉండకూడదు. నీతో పందేలకు వచ్చే స్నేహితుడి ఇంట్లో పెట్టు. తూటాలు ఒక్కటి కూడా నీ గడపలో ఉండరాదు. మీ అమ్మ అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇదే ఆర్డరు. అర్థమయిందా?" వాడు "అయింది తాతయ్యా" అన్నాడు. "బిగ్గరగా చెప్పు!" అన్నారు. వాడు బిగ్గరగా చెప్పాడు.

అక్క ఆ దిమ్మను ఫోనులో చూపించమన్నది. వాడు స్నేహితుడి ఇంటికి వెళ్ళి, అక్కడి అల్మరాలో పెట్టి, ఫొటో తీసి పంపాడు. అయినా అక్క రెండు రోజులు ఆలోచించింది. మూడోనాడు ఆవకాయ జాడీ కట్టించడం మొదలుపెట్టింది. దాన్నిబట్టి ప్రయాణం ఖాయమని బావగారు గ్రహించారు.

ఆరు నెలలు ఉండి వచ్చింది. మనవరాలు పుట్టింది. ఇంటి తుపాకిని అక్క ఒకే ఒకసారి చూసిందట. గోడకు ఆనించి ఉన్నదాన్ని చూసి, "ఇంత బరువా! దీన్ని మోయడానికి మనిషి కావాలి" అన్నదట. దిమ్మ ఇంకా స్నేహితుడి ఇంట్లోనే ఉన్నది. పాప పాకుతున్నది గనుక ఇప్పట్లో వచ్చే సూచన లేదు. వాడు పందేనికి వెళ్ళే రోజున దారిలో దిగి దిమ్మ తీసుకుని, తిరుగుదారిలో అక్కడే ఇచ్చి వస్తున్నాడు. మామయ్య ప్రతి ఆదివారం ఫోనులో మొదట పాప పళ్ళ సంగతి అడిగి, తరువాత దిమ్మకు నూనె రాశావా అని అడుగుతారు. కిందటి వారం వాడు పలక ఫొటో పంపితే, నా చేత కార్డులో కొత్త చిల్లి పొడిపించుకుని, శుక్లం తీసిన కంటికి ఆనించి ఒక్కొక్క గుండు గుర్తూ లెక్కపెట్టుకున్నారు. పదింటిలో ఏడు నల్లబొట్టులో ఉన్నాయి. మిగిలిన మూడూ కుడివైపున పడ్డాయని, గాలి చూసుకొమ్మని చెప్పమన్నారు.